రాననైనా చెప్పుంటే... విద్యార్థి వలంటీర్లు, జవాబుదారీతనం

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కళాశాలల విద్యార్థి వలంటీర్లు మదనపల్లెలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం ఏర్పాటు చేసినవాళ్లు నన్ను 'సమయపాలన' గురించి మాట్లాడమన్నారు. తరగతులు, రికార్డులు, సెమిస్టర్ పరీక్షలు, ఇంటిపని, వీటన్నిటి మధ్య వలంటీరు పనికి టైము ఎట్లా తీసుకోవాలో చెప్పమన్నారు. ఆ విషయం చెప్పటానికి నాకంటే బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజం చెప్పాలంటే నా సమయాన్ని నేనే సరిగా పాలించుకోలేను. అందుకని విషయాన్ని కొంచెం మారుస్తున్నాను. మీకు టైము ఎట్లా దొరుకుతుందన్నది కాదు, మీరు వస్తానని చెప్పి వెళ్లని రోజున అవతల ఎవరి టైము పోతోందన్నది ఈ పూట మనం మాట్లాడుకుందాం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. అది చెప్పకుండా మిగతాది మాట్లాడే అర్హత నాకు లేదు.

1999లో నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పుంగనూరు వైపు ఒక చిన్న ఊరికి వారానికి రెండు సాయంత్రాలు మా బృందం వెళ్లేది. ఆడవాళ్లకు చదవటం, రాయటం నేర్పించటం, పొదుపు సంఘం పుస్తకాలు చూసిపెట్టటం మా పని. అక్కడికి వచ్చేవాళ్లలో ఒకామెకు అప్పటికి ముప్ఫయ్యయిదేళ్లు ఉంటాయేమో. భర్త చనిపోయి రెండేళ్లయింది. సొంత భూమి లేదు. దళితవాడలో ఒక గది ఇల్లు, ఇద్దరు పిల్లలు. వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవాలని ఆమెకు చెప్పింది నేనే. కాగితాలు రాసిచ్చింది కూడా నేనే. 'బుధవారం పొద్దున బస్టాండు దగ్గర ఉండక్కా, ఇద్దరం కలిసి మండలాఫీసుకు పోదాం' అని చెప్పి వచ్చాను.

ఆ బుధవారం నేను వెళ్లలేదు. మరుసటిరోజు కాలేజీలో పరీక్ష ఉంది. చదువుకోవాలి. కబురు చెప్పటానికి ఆ ఊళ్లో ఫోను లేదు. కానీ ఫోను లేకపోవటం కారణం కాదు. ఆ ఊరి పిల్లలు ముగ్గురు రోజూ మా కాలేజీకే బస్సులో వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకరికి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. చెప్పాలని నాకు తోచలేదు. ఆ తర్వాత వెళ్లాలంటే సిగ్గేసింది. సిగ్గుతో ఇంకో వారం, ఆపైన ఇంకో వారం గడిపేశాను. మూడు వారాల తర్వాత వెళ్లి, పరీక్షలు వచ్చాయి, జ్వరం వచ్చింది అని ఏవేవో చెప్పాను. ఆమె అన్నీ విన్నది. కోప్పడలేదు. ఒక్క మాటే అన్నది:

'రానని చెప్పుంటే పనికన్నా పోయుందును గదమ్మా.'

అది చెనక్కాయ చేలల్లో కలుపు తీసే కాలం. ఆ పది రోజులే ఆడకూలీలకు వరసగా పని దొరికేది. ఆమె ఆ రోజు కూలి మానుకుంది. పిల్లల్ని ఇరుగింట్లో వదిలిపెట్టి వచ్చింది. బస్సు చార్జీ అప్పు తెచ్చుకుంది. మధ్యాహ్నం దాకా బస్టాండులో కూర్చుని తిరిగి ఊరికి పోయింది. మర్నాడు మేస్త్రి, 'నిన్న రాలేదు కాబట్టి వేరేవాళ్లను పెట్టుకున్నా' అన్నాడట. ఇవేవీ ఆమె నాతో చెప్పలేదు. పక్కింటామె చెప్పింది. తర్వాత మేమిద్దరం మండలాఫీసుకు వెళ్లేటప్పటికి ఆ విడత దరఖాస్తులు తీసుకోవటం అయిపోయింది.

నేను ఆమెకు చెడు చేద్దామనుకోలేదు. మంచి చేద్దామనే వెళ్లాను. కానీ నేను ఆ ఊరికి అసలు వెళ్లకపోయి ఉంటే ఆమెకు ఆ వారం కూలి అయినా మిగిలేది. దీన్ని నేను చాలా ఏళ్లపాటు 'నా చిన్నతనం' అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత సమాజశాస్త్రం చదువుకుని, ఊళ్లలో పరిశోధన కోసం తిరిగేటప్పుడు అర్థమయింది: ఇది ఒక అమ్మాయి చిన్నతనం కాదు. స్వచ్ఛంద సేవ అని మనం పిలుచుకునే పనిలోనే ఈ తప్పుకు చోటుంది.

ఎట్లాగంటే, 'నేను డబ్బు తీసుకోవటం లేదు కదా, నా వీలును బట్టి చేస్తాను, నన్ను అడిగేదెవరు' అనే ఆలోచన వలంటీరు అనే మాటతోపాటే వచ్చేస్తుంది. జీతం ఇచ్చేవాడికి మాత్రమే జవాబు చెప్పాలని మనకు ఎవరో నేర్పారు. పింఛను కోసం, రేషన్ కార్డు కోసం, ఆసుపత్రిలో చీటీ కోసం పేదవాళ్లు రోజులు రోజులు కాచుకుని ఉంటారు. ఎదురుచూడటం పేదవాళ్ల పని అనీ, ముఖ్యంగా పేద స్త్రీల పని అనీ సమాజం ఒప్పేసుకుంది. నేను బస్టాండుకు వెళ్లని రోజున ఆమె ఎదురుచూడవలసిన ఆఫీసుల జాబితాలో నేనూ ఒక ఆఫీసునయ్యాను. తేడా ఏమిటంటే, ఆఫీసువాళ్ల మీద అర్జీ పెట్టుకోవచ్చు. నా మీద ఎవరికి పెట్టుకుంటుంది? ఆమె దళిత స్త్రీ, నేను పై కులం నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయిని. నన్ను నిలదీసే వీలు ఆమెకు లేదు. అందుకే అంత మెత్తగా అన్నది. ఆ మెత్తదనాన్ని క్షమాపణ అనుకోవటం నా రెండో తప్పు.

మరి మన జవాబుదారీతనం ఇప్పుడు ఎవరికి ఉంది? ఎన్.ఎస్.ఎస్. అని మనం పిలుచుకునే జాతీయ సేవా పథకాన్నే తీసుకోండి. 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో అది మొదలయింది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు, మధ్యలో ఒక ప్రత్యేక శిబిరం. ఇది పద్ధతి. మీలో చాలామంది దగ్గర ఆ డైరీ ఉంటుంది. గంటలు రాస్తారు, ప్రోగ్రాం ఆఫీసరు సంతకం పెడతారు, చివర సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని నేను తక్కువచేసి మాట్లాడటం లేదు. నేనూ ఆ దారినే ఊళ్లు చూశాను. కానీ ఆ డైరీలో ఒక గడి లేదు. ఎవరికోసం ఆ గంటలు ఖర్చుపెట్టామో ఆ మనిషి సంతకం పెట్టే గడి. నా డైరీలో ఆ నెల గంటలు సరిపోయాయి. మూడు వారాలు వెళ్లకపోయినా కాలేజీ ఆవరణలో మొక్కలు నాటిన గంటలతో లెక్క సరిపోయింది. పైకి చెప్పవలసిన లెక్క అంతా చెప్పాను. కింద చెప్పవలసిన లెక్క ఒక్కటే మిగిలిపోయింది.

దీనికి ఎదురుగా ఇంకో అనుభవం చెప్తాను. 1990-91 ప్రాంతంలో మన చిత్తూరు జిల్లాలో 'అక్షర తపస్మాన్' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. 1991 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 32.72 శాతం. అంటే మూడింట రెండు వంతులమంది ఆడవాళ్లు వేలిముద్ర వేసేవాళ్లే. అప్పుడు నాకు పదేళ్లు. మా పెద్దమ్మ కూతురు ఇంటర్ చదువుతూ మా వీధి ఆడవాళ్లకు చదువు చెప్పేది. రాత్రి అన్నాలు అయ్యాక లాంతరు పట్టుకుని బయల్దేరేది. లాంతరు మోయటం నా పని. చదువుకునేవాళ్లు పగలంతా పొలంలో ఉండి, వంట చేసి, అందరికీ పెట్టి, అంట్లు కడుక్కుని వచ్చేవాళ్లు. వాళ్లు వచ్చే ఆ ఒక్క గంట కోసం ఇంట్లో ఎంత మాట పడ్డారో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అక్కకు ఒంట్లో బాగాలేని రోజున క్లాసు ఆగేది కాదు. ఎదురింటి స్నేహితురాలు వచ్చి చెప్పేది. ఇద్దరూ ముందే అట్లా అనుకున్నారు. ఆ స్నేహితురాలి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండి ఉండదు.

పక్కనున్న నెల్లూరు జిల్లాలో ఇట్లాంటి రాత్రి బడుల నుంచే ఏం జరిగిందో మీకు తెలుసు. చదువుకోవటానికి కూర్చున్న ఆడవాళ్లు తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. వాచకంలోని పాఠం వాళ్ల ఇంటి కథలాగే ఉంది. 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించారు. రోశమ్మ లాంటి స్త్రీలు నాయకులయ్యారు. ఊరూరా పాకిన ఆ పోరాటం వల్ల 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించింది, అది వేరే కథ. ఈ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా ఆ స్త్రీల ధైర్యం గురించి మాట్లాడుకుంటాం. అది న్యాయమే. కానీ దాని వెనక ఒక చిన్న విషయం ఉంది. రేపు రాత్రి కూడా అందరం ఇక్కడ కూర్చుంటాం అనే నమ్మకం ఉంటేనే మనిషి తన ఇంట్లో పడుతున్న దెబ్బల గురించి నోరు విప్పుతుంది. మధ్యలో పోయేవాళ్ల ముందు ఎవరూ అట్లాంటి మాట మాట్లాడరు.

ఇంకోవైపు కూడా చెప్పాలి. ఆ ఉద్యమంలో మధ్యలో ఆగిపోయిన కేంద్రాలూ చాలా ఉన్నాయి. వలంటీర్లకు పరీక్షలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. అమ్మాయిలకు పెళ్లిళ్లయి వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. వాళ్ల చోటులో ఎవరొస్తారన్నది చాలాచోట్ల ఎవరూ ముందు ఆలోచించలేదు. సంతకం దాకా వచ్చినవాళ్లు మళ్లీ వేలిముద్ర దగ్గరికి వెళ్లారు. మా అక్క కూడా 1992లో పెళ్లయి వెళ్లిపోయింది. మా వీధి క్లాసు మాత్రం ఆగలేదు, ఆ ఎదురింటి స్నేహితురాలు ఉంది కాబట్టి.

ఇక్కడ మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. 'మేడం, మీరు చెప్పేదంతా విన్నాం. మరి మా ఇబ్బంది?' అని. న్యాయమైన ప్రశ్న. స్త్రీల ఉద్యమంలో పనిచేసే మనిషిగా నేను మీకు త్యాగం చెయ్యమని చెప్పను. లెక్క చూసుకోకుండా సేవ చెయ్యాలని ఆడవాళ్లకు తరతరాలుగా చెప్తూనే ఉన్నారు. దానికి ఇంకో సేవ కలపటానికి నేను ఇక్కడికి రాలేదు.

మన దేశంలో 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్లు తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! ఇక్కడ కూర్చున్న అమ్మాయిలకు ఈ అంకెలు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున లేచి ఇల్లు ఊడ్చి, నీళ్లు పట్టి, క్యారియరు కట్టుకుని బస్సెక్కి వస్తున్నారు. హాస్టలులో ఉంటే గేటు వేసే టైము ఒకటి. అమ్మకు జ్వరం వస్తే క్లాసు మానేది కూతురే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు టికెట్టు లేకుండా పోయింది, మంచిదే. కానీ ఆఖరి బస్సు ఎన్నింటికన్నది టికెట్టుతో మారలేదు. చీకటి పడితే ఇంట్లో అడిగే ప్రశ్నలూ మారలేదు.

అబ్బాయిలకు కూడా ఒక మాట. ఆదివారం మీరు ఊళ్లో సేవ చేసి సాయంత్రానికి ఇంటికి వెళ్తారు. మీ బట్టలు ఎవరు ఉతికారు, మీకు అన్నం ఎవరు వండి పెట్టారు? మీ సేవ మీ చెల్లెలి చాకిరీ మీద నిలబడితే, ఆమె కూడా ఆ పనిలో వలంటీరే. పేరు లేని వలంటీరు. మీ జవాబుదారీతనం మీ ఇంటి వంటింట్లో మొదలవుతుంది.

కాబట్టి 'ఎక్కువ చెయ్యండి' అని నేను అనటం లేదు. తక్కువ మాట ఇవ్వండి, ఇచ్చిన మాటకు జవాబు చెప్పండి అంటున్నాను. ఇది ఆచరణలో ఎట్లా ఉంటుందో కుప్పం వైపు నేను చూసిన ఒక సంగతి చెప్తాను. ఆ పిల్లల క్షేమం కోసం ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను.

కుప్పం మీకు తెలుసు. మూడు రాష్ట్రాల సరిహద్దు. తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు కూలికి పోయేవాళ్లు వేలల్లో ఉంటారు. రాత్రికి తిరిగొస్తారు. ఆ ఇళ్లలో చిన్నపిల్లల్ని చూసుకునేది పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు. తల్లిదండ్రులు ఇంట్లో ఉండరు, పిల్ల ఎదుగుతోంది, ఏదైనా జరిగితే పరువు పోతుందన్న భయం. ఆ భయంలోంచి తొందరగా పెళ్లి చేసేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తేల్చినదాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తానికి అది 23.3 శాతం. మనం దేశం కంటే వెనకబడి ఉన్నాం.

అక్కడ అయిదుగురు డిగ్రీ అమ్మాయిలు ఒక ఊళ్లో ప్రతి ఆదివారం మూడు గంటలకు పిల్లలతో చదివించటం మొదలుపెట్టారు. ఆదివారం ఎందుకంటే ఆ రోజే తల్లులు ఇంట్లో ఉంటారు, పిల్లలకు తీరిక దొరుకుతుంది. అయిదుగురూ ప్రతి వారం వస్తామని చెప్పలేదు. 'మాలో ఇద్దరు తప్పకుండా వస్తారు' అని చెప్పారు. ఎవరు ఏ వారమో ఒక నోటుపుస్తకంలో ముందే రాసుకున్నారు. పరీక్షల తేదీలు రాగానే అవి కూడా అందులో రాశారు. వచ్చి వెళ్లేటప్పుడు ఆ రోజు ఎవరికి ఏం చెప్పారో, ఎవరికి ఏం బాకీ ఉన్నారో రెండు వాక్యాలు రాసేవాళ్లు. 'ఫలానా పాపకు లెక్కల గైడు తెస్తామన్నాం' అన్నంత చిన్న విషయాలు.

ఒక ఆదివారం పదో తరగతి చదివే పిల్ల ఒక వలంటీరును పక్కకు పిలిచి, తనకు సంబంధం చూస్తున్నారనీ, నెలలో పెళ్లనీ చెప్పింది. 'అక్కా, నువ్వు మళ్లీ ఎప్పుడొస్తావు?' అని అడిగింది. ఆ వలంటీరుకు తర్వాతి వారం నుంచి సెమిస్టర్ పరీక్షలు. ఆ సమయంలో 'నేనున్నా కదా, ఏం భయపడకు, ఈ పెళ్లి జరగనివ్వను' అనాలనిపిస్తుంది. ఆ వయసులో నేనైతే అదే అనేదాన్ని. ఆ అమ్మాయి అట్లా అనలేదు. 'రెండు వారాలు నాకు పరీక్షలు, నేను రాలేను. వచ్చే ఆదివారం ఇంకో అక్క వస్తుంది. ఆమెకు ఈ సంగతి చెప్పమంటావా?' అని అడిగింది. పిల్ల చెప్పమంది. అప్పుడు 1098 నంబరు రాసిచ్చి, ఎవరి ఫోను నుంచి చెయ్యగలవో ఆలోచించుకోమంది.

మూడు విషయాలు గమనించండి. తాను చెయ్యలేనిది చెయ్యలేనని చెప్పింది. తన బదులు ఎవరో చెప్పింది. ఆ పిల్ల రహస్యాన్ని ఇంకొకరికి చెప్పటానికి ఆ పిల్లనే అడిగింది. నోటుపుస్తకంలో కూడా పేరు రాయలేదు, మిగతా అక్కతో నోటితో చెప్పింది.

తర్వాతి ఆదివారం రెండో అమ్మాయి వెళ్లింది. పెళ్లి ముందుకు జరిపారని తెలిసింది. అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి, 1098కి ఫోను చేశారు. అధికారులు వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడి పెళ్లి ఆపారు. ఇట్లాంటి చోట చట్టం తెలిసి ఉండాలి. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం 18 నిండని అమ్మాయికి, 21 నిండని అబ్బాయికి పెళ్లి చెయ్యకూడదు. పెళ్లి జరగబోతోందని తెలిస్తే మేజిస్ట్రేటు నిలుపుదల ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి చెల్లదు. ఒకవేళ పెళ్లి జరిగిపోయినా, మేజరు అయిన రెండేళ్ల లోపల దాన్ని రద్దు చెయ్యమని ఆ అమ్మాయి కోర్టును అడగవచ్చు.

పెళ్లి ఆగటంతో ఆ వలంటీర్ల పని అయిపోలేదు, అసలు పని అప్పుడే మొదలయింది. ఇంట్లో ఆ పిల్లను మాటలతో పొడిచారు. 'మా పరువు తీసింది' అని బడి మాన్పించారు. ఊళ్లో కొందరు ఈ వలంటీర్లను రావద్దన్నారు. పెళ్లి ఆపిన రోజున అధికారులు ఉన్నారు, ఫోటోలు కూడా ఉన్నాయి. ఆ తర్వాతి ఎనిమిది నెలలు ఆ పిల్లకు ఉన్నది ఆ నోటుపుస్తకమే. ఎవరో ఒకరు ఆదివారం మూడు గంటలకు వచ్చేవాళ్లు. తల్లితో కూర్చుని చింతపండు ఒలుస్తూ మాట్లాడేవాళ్లు. ఒకసారి తల్లే అన్నదట, 'వీళ్లు అల్లరి చేసి పోతారనుకున్నాం, పోలేదే' అని. పిల్ల మళ్లీ బడికి వెళ్లింది. ఆ ఏడాది పరీక్ష తప్పింది, మరుసటి ఏడాది పాసయింది. ఇంకా ఏమవుతుందో చూడాలి. మధ్యలో రావటం మానేసి ఉంటే, ఆ పిల్లను ఇంట్లో శత్రువును చేసి మనం తప్పుకున్నట్టయ్యేది. పిల్లల రక్షణ విషయంలో మాట తప్పటం బస్టాండులో కాచుకోబెట్టటం కంటే చాలా పెద్ద ప్రమాదం. నిలబడలేమనుకుంటే ఆ విషయంలో ఒంటరిగా చెయ్యి పెట్టకూడదు. మొదటి రోజే బాధ్యతగల పెద్దవాళ్లనూ, సంఘాన్నీ కలుపుకోవాలి.

ఈ మదనపల్లె మట్టిలోనే దీనికి ఒక పాత ఆనవాలు ఉంది. ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలో భర్త జేమ్స్ కజిన్స్ పనిచేస్తున్న రోజుల్లో మార్గరెట్ కజిన్స్ స్థానిక స్త్రీలతో కలిసి పని మొదలుపెట్టింది. 1917లో అడయారులో స్త్రీల కోసం భారత మహిళా సంఘం ఏర్పడటంలో ఆమెది ముఖ్యమైన చెయ్యి. ఆ సంఘం 'స్త్రీ ధర్మ' అనే పత్రిక నడిపింది. అందులో పెద్ద వ్యాసాలతోపాటు ఊరూరి శాఖల నివేదికలు కూడా వేసేవారు. ఏ ఊళ్లో సమావేశం జరిగింది, ఏం చేశారు అన్న చిన్న చిన్న వివరాలు. ఆ సంఘంలో ఉన్నది ఎక్కువగా పై కులాల, చదువుకున్న స్త్రీలు. ఆ పరిమితి మనం మరిచిపోకూడదు. కానీ చేసిన పని సభ్యులందరి ముందూ పెట్టాలన్న అలవాటు మనం తీసుకోదగ్గది. ఆ చప్పని నివేదికల్లాంటిదే కుప్పం అమ్మాయిల నోటుపుస్తకం.

మీరు రేపటి నుంచి ఏం చెయ్యవచ్చో నాలుగు మాటలు చెప్తాను. మీ సెమిస్టర్ క్యాలెండరు చూడకుండా ఏ ఊరికీ మాట ఇవ్వకండి. పరీక్షలు హఠాత్తుగా రావు, వాటి తేదీలు మనకు ముందే తెలుసు. ఒక్కరుగా ఏ పనీ ఒప్పుకోకండి, ప్రతి పనికీ రెండో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి ఎవరో ఊళ్లోవాళ్లకు తెలియాలి. వెళ్లలేనప్పుడు ముందు రోజే కబురు పెట్టండి. కారణాలు పెద్దగా అక్కర్లేదు, 'రాలేను, ఫలానావాళ్లు వస్తారు' అంటే చాలు. మాట తప్పితే తొందరగా వెళ్లి ఒప్పుకోండి. నన్ను మూడు వారాలు ఆపింది పరీక్ష కాదు, సిగ్గు. మన సిగ్గు బరువు కూడా వాళ్లే మొయ్యాల్సి వస్తుంది. చివరి సంవత్సరం వాళ్లు వెళ్లిపోయే ముందు ఊరికి వెళ్లి చెప్పి రండి. మీ తర్వాత ఎవరొస్తారో చూపించండి. ఎవరూ లేకపోతే ఆ సంగతి కూడా చెప్పండి.

ఇంకొకటి. మూడు నెలలకు ఒకసారి ఆ ఊరి ఆడవాళ్లతో కూర్చుని, 'మేం వస్తామన్న రోజుల్లో ఎన్నిసార్లు వచ్చాం? మా వల్ల మీకు ఏ పని చెడింది?' అని అడగండి. మొదటిసారి 'అంతా బాగుందమ్మా' అంటారు. రెండోసారి కూడా అదే అంటారు. మూడోసారికి అసలు మాట వస్తుంది. అది వినటానికి సిద్ధపడి వెళ్లండి.

ఇక మా పెద్దవాళ్ల తప్పు. సంఘాలు, కాలేజీలు మిమ్మల్ని ఎట్లా వాడుకుంటున్నాయో కూడా మనం మాట్లాడుకోవాలి. ర్యాలీలకు మనుషులు కావాలంటే విద్యార్థులు. బ్యానరు పట్టుకోవాలంటే విద్యార్థులు. పరీక్షల ముందు రోజు కూడా 'ఒక్క గంటే కదా' అని పిలుస్తాం. రాలేనని చెప్పిన అమ్మాయిని 'నిబద్ధత లేదు' అంటాం. మధ్యాహ్నం అన్నం తిన్నారా, ఇంటికి ఎట్లా వెళ్తారు అని అడగం. మీకు 'కాదు' అనే హక్కు లేకపోతే మీరు 'సరే' అన్న మాటకు విలువ ఉండదు. భయంతో అన్న 'సరే' చివరికి తప్పిపోయేది ఊళ్లో ఆడవాళ్ల దగ్గరే. అందుకని మీరు మమ్మల్ని కూడా నిలదీయండి. ఈ సమావేశంలోనే మొదలుపెట్టండి.

ఆ బస్టాండు సంగతి పూర్తి చేసి ఆపుతాను. ఆమె పింఛను మరుసటి సంవత్సరం వచ్చింది. అప్పటికి మేం నాలుగుసార్లు మండలాఫీసుకు వెళ్లాం. నాలుగుసార్లూ నేను ఆమె కంటే ముందే బస్టాండులో ఉన్నాను. మొదటి రెండుసార్లు ఆమె ఆ రోజు కూలి మానుకోలేదు. పొద్దున్నే చేలో సగం పని చేసి వచ్చింది. నేను రాకపోయినా నష్టం లేకుండా చూసుకుంది. మూడోసారి కూలి మానుకుని వచ్చింది. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. కానీ అది చిన్న విషయం కాదని నాకు తెలుసు.

భోజనాల తర్వాత మీరు బృందాలుగా కూర్చుంటారు. ఈ నెలలో మీరు 'వస్తాను' అని ఎవరికి చెప్పారో, వాళ్ల పేరు ఒక్కటి కాగితం మీద రాయండి. దాని కింద, మీరు వెళ్లలేకపోతే వాళ్లకు ఎవరు చెప్తారో రాయండి. రెండో పేరు దొరకని కాగితాలతోనే మధ్యాహ్నం చర్చ మొదలుపెడదాం.